టీవీకి ఊఁ కొట్టేదెవరు?

మొన్న హైదరాబాద్‌లో ఒక పుస్తకావిష్కరణ అయిపోయాక, బయట చాయ్ దగ్గర మాటలు పిల్లల మీదికి మళ్ళాయి. "మా ఇంట్లో టీవీ లేదండీ, పాప పుట్టకముందే తీసేశాం" అన్నారొక కవి. చుట్టూ ఉన్నవాళ్ళు మెచ్చుకోలుగా తలలూపారు. ఇంకొకాయన అందుకుని, "ఊళ్ళల్లో చూడాలి సార్, పొద్దున లేస్తే పిల్లల్ని టీవీ ముందు పడేసి ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు, తల్లులకు ఓపిక లేదు" అన్నాడు. నేనేమీ అనలేదు. చాయ్ అయిపోయింది, ఆటో దొరికింది, ఇంటికి వచ్చేశాను. అప్పుడు ఒక్క మాట అనలేకపోయినందుకు ఇప్పుడు ఇంత పొడుగు రాయాల్సి వస్తోంది.

ఎవరి పని వాళ్ళు చేసుకుంటారన్నాడు కదా, ఆ పనేమిటో ముందు చెప్తాను. మాది దేవరకొండ దిక్కు. పత్తి ఏరే రోజుల్లో మా వదిన తెల్లారకముందే లేచి, వంట చేసి, సద్ది కట్టుకుని, ఏడు కొట్టకముందే కూలి ఆటో ఎక్కుతుంది. మళ్ళీ ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టే వేళ. అన్న లారీ మీద పోతాడు, ఎప్పుడొచ్చేదీ ఆయనకే తెలియదు. ఇంట్లో ఉండేది మా అమ్మ, నాలుగేళ్ళ మేనకోడలు, ఒక బర్రె. పిల్ల మధ్యాహ్నం దాకా అంగన్‌వాడీలో ఉంటుంది, అక్కడే తిని వస్తుంది. ఆ తర్వాత పొద్దు గూకేదాకా నాలుగైదు గంటలు. మా అమ్మ మోకాళ్ళు పట్టేసిన మనిషి, పిల్ల వెనక ఉరకలేదు. రోడ్డు మీద ట్రాక్టర్లు తిరుగుతుంటాయి కాబట్టి బయటికి వదల్లేదు. టీవీ పెడుతుంది. ఇదీ ఆ ఓపిక సంగతి. గద్వాల దిక్కు సీడు పత్తి చేలల్లో పనిచేసే తల్లులను అడగండి, పాలమూరు నుంచి ముంబైకి వలసపోతూ పిల్లల్ని ముసలోళ్ళ దగ్గర వదిలివెళ్ళిన వాళ్ళను అడగండి, ఇంచుమించు ఇదే చెప్తారు.

టీవీ లేని ఇల్లు నడవాలంటే ఇంట్లో చేతులు ఖాళీగా ఉన్న ఒక పెద్దమనిషి ఉండాలి. లేదా జీతమిచ్చి పెట్టుకున్న ఆయా ఉండాలి. బొమ్మల పుస్తకాలుండాలి, సాయంత్రం తిప్పుకొచ్చేందుకు పార్కుండాలి. ఇవన్నీ ఉన్నవాళ్ళు టీవీ తీసేయడం మంచిదే, కాదనను. కానీ దాన్ని గుణంగా చెప్పుకోవడం, లేనివాళ్ళది లోపంగా చూపడం, అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. అది గుణం కాదు, వసతి.

ఇప్పుడు మా ఇంట్లో టీవీ దగ్గర జరిగిన ఒక ముచ్చట. దసరాకు పోయినప్పుడు నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. లోపల ఏదో పిల్లల కార్యక్రమం వస్తోంది. రంగురంగుల బొమ్మ జంతువులు ఒకదాని వెనక ఒకటి నడుస్తున్నాయి, ఒక అమ్మాయి గొంతు తియ్యగా పేర్లు చెప్తోంది. ఆవు. మేక. గేదె.

"గేదె అంటే ఏంది నాయనమ్మా?" అని అడిగింది చిన్నది.

మా అమ్మ చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ, తలెత్తకుండానే, "ఏమో బిడ్డా, ఏడుంటదో అది" అంది.

ఆ గేదె మా ఇంటి ముందర వేపచెట్టుకు కట్టేసి ఉంది. పొద్దున చిన్నది తాగిన పాలు దానివే. టీవీ మాత్రం ఆగలేదు. గేదె పోయి గుర్రం వచ్చింది, గుర్రం పోయి ఒంటె వచ్చింది. ఇట్లాంటివి తిప్పి తిప్పి వేస్తుంటారు కదా, కొంచెంసేపటికి అదే మళ్ళీ మొదలైంది. ఈసారి అమ్మ తలెత్తి చూసింది. "ఓసినీ, ఇది మన బర్రె గాదే! బర్రెను పట్టుకొని గేదె అంటదేందే ఈ పిల్ల!" అని నవ్వింది. చిన్నది లేచి బయటికి ఉరికింది. బర్రె ముందర నిలబడి "గేదె, ఓ గేదె" అని పిలిచింది. అది చెవి కూడా ఆడించలేదు. పిల్ల వెనక్కి వచ్చి, "నాయనమ్మా, దాని పేరు దానికే తెల్వది" అని చెప్పింది.

ఒక్క జంతువుకు రెండు పేర్లుండొచ్చని, టీవీలో అమ్మాయి మాట వేరు మన మాట వేరని, బొమ్మ అంటే అసలుది కాదని, ఇన్ని సంగతులు నాలుగేళ్ళ పిల్లకు ఆ కాసేపట్లో తెలిశాయి. ఏ సిలబస్‌లో పెట్టినా ఇవి పెద్ద పాఠాలే. అయితే ఒకటి గమనించండి. మొదటిసారి వచ్చినప్పుడూ కార్యక్రమం అదే, పిల్ల అదే, టీవీ అదే. ఏమీ జరగలేదు. రెండోసారికి మారిందల్లా మా అమ్మ చిక్కుడుకాయల మీంచి తలెత్తడం.

అందుకని నా పేచీ ఇద్దరితో. టీవీ పెడితే పిల్లలకు చదువు వచ్చేస్తుందనే ప్రభుత్వాలతో, కంపెనీలతో ఒకటి. టీవీ తీసేస్తే పిల్లలు బాగుపడతారనే మా చాయ్ మిత్రులతో ఇంకొకటి. ఇద్దరి చూపూ పెట్టె మీదే. పెట్టెకు ఎదురుగా, పిల్ల పక్కన కూర్చున్న మనిషి మీద ఎవరి చూపూ లేదు.

మా ఇంట్లో కథను శాత్రం అనేవాళ్ళు. రాత్రి వాకిట్లో మంచాలు వేశాక మా అవ్వ శాత్రం మొదలుపెట్టేది. వినేవాళ్ళు ఊఁ కొట్టాలి, అది షరతు. ఊఁ ఆగితే కథ ఆగేది. "నిద్రపోయిన్రా?" అని అడిగేది. ఊఁ కొంచెం తేడాగా వినిపిస్తే, భయపడ్డారనో అర్థం కాలేదనో పసిగట్టి వెనక్కి వచ్చి ఆ ముక్క మళ్ళీ చెప్పేది. ఈ ఊఁ అనే ఒక్క అక్షరంలో పిల్లల చదువు గురించి పెద్ద పెద్ద గ్రంథాల్లో చెప్పిన సారమంతా ఉంది. పిల్ల మాటకు మనిషి బదులివ్వాలి, మనిషి మాటకు పిల్ల బదులివ్వాలి. టీవీ ఊఁ కోసం ఆగదు. పిల్ల ఊఁ కొట్టినా దానికి వినపడదు.

ఇది నా పాతకాలపు మోజు కాదు. 2003లో అమెరికాలోని సియాటిల్‌లో పట్రీషియా కూల్ అనే శాస్త్రవేత్త, ఆమె బృందం తొమ్మిది నెలల పసిపిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. ఇంగ్లీషు ఇళ్ళల్లో పెరుగుతున్న పిల్లలకు చైనా మాండరిన్ వినిపించారు. కొందరికి ఎదురుగా మనిషి కూర్చుని ఆడిస్తూ, చదువుతూ వినిపించింది. ఇంకొందరికి అదే వీడియోలో చూపించారు. మనిషితో పన్నెండు సార్లు కూర్చున్న పిల్లలు మాండరిన్ ధ్వనుల్లోని తేడాలను పట్టుకోగలిగారు. వీడియో చూసిన వాళ్ళు అసలు మాండరిన్ విననివాళ్ళ కంటే ఏమీ మెరుగ్గా లేరు. అదే గొంతు, అదే భాష, అన్నిసార్లే. లేనిదల్లా మనిషి.

అట్లాగని టీవీతో పిల్లలు ఏమీ నేర్చుకోరని చెప్పడానికీ లేదు. ఆ తొమ్మిది నెలల పసికూనల సంగతి వేరు, మూడేళ్ళూ నాలుగేళ్ళూ వచ్చినవాళ్ళ సంగతి వేరు. 1969 నవంబర్ 10న అమెరికాలో సెసమీ స్ట్రీట్ మొదలైంది. జోన్ గాంజ్ కూనీ అనే ఆవిడ పూనుకుని చేసిన పని అది. ముఖ్యంగా నగరాల్లోని పేద ఇళ్ళ పిల్లలు బడిలో చేరేలోపు అక్షరాలు, అంకెలు తెలుసుకోవాలని దాని ఉద్దేశం. ఎక్కువ చూసిన పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారని మొదటి అధ్యయనాలు చెప్పాయి. చాలా ఏళ్ళ తర్వాత మెలిస్సా కెర్నీ, ఫిలిప్ లెవిన్ అనే ఆర్థికవేత్తలు పాత లెక్కలు తీసి, ఆ కార్యక్రమం టీవీలో బాగా అందిన ప్రాంతాల పిల్లలు తమ వయసుకు తగ్గ తరగతిలో ఉండడం కొంత ఎక్కువని చూపించారు. అంటే పని చేసింది.

మధ్యలో 1975లో థామస్ కుక్, ఆయన సహచరులు రాసిన పుస్తకం ఒకటుంది. సెసమీ స్ట్రీట్ మొదటి అధ్యయనాల్లో చాలా ఇళ్ళకు పరిశోధకుల తరఫు మనుషులు వెళ్ళి, చూడమని ప్రోత్సహించి వచ్చేవాళ్ళు. ఆ ప్రోత్సాహం దొరకని ఇళ్ళల్లో, ఊరికే టీవీ చూసిన పిల్లలకు దక్కింది చాలా తక్కువని కుక్ బృందం తేల్చింది. ఇంకో మాట కూడా అన్నారు. కలిగిన ఇళ్ళవాళ్ళు కూడా చూస్తారు, పక్కన కూర్చుని చెప్పే పెద్దలు వాళ్ళకే ఎక్కువ, కాబట్టి అంతరం తగ్గకపోగా పెరగొచ్చని. పేదల కోసం తీసిన కార్యక్రమం గురించి ఇంత చేదు నిజం చెప్పిన ఆ పుస్తకం నాకు చాలా ఇష్టం. నేను ఆ పుస్తకాన్ని టీవీకి వ్యతిరేకంగా చదవను. పక్కన కూర్చునే మనిషి గురించి ఆలోచించకుండా టీవీ కార్యక్రమం తీస్తే అది మళ్ళీ ఉన్నవాళ్ళకే పోతుందన్న హెచ్చరికగా చదువుతాను.

ఇంతకీ ఆ 1975 మన దగ్గర కూడా తమాషా సంవత్సరమే. ఆగస్టు 1న సైట్ అనే ఉపగ్రహ టీవీ ప్రయోగం మొదలైంది. అమెరికా నాసా వాళ్ళ ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదికి వాడుకునేందుకు తీసుకుని, ఆరు రాష్ట్రాల్లో 2400 పల్లెలకు టీవీ సెట్లు ఇచ్చారు. ఆంధ్రప్రదేశ్ ఆ ఆరింటిలో ఒకటి, తెలుగులోనూ కార్యక్రమాలు వచ్చేవి. బడి ముందరో పంచాయతీ ముందరో సెట్టు, ఇంటి కప్పంత పెద్ద వలగిన్నె లాంటి యాంటెన్నా. పొద్దున ఇరవై రెండున్నర నిమిషాలు బడి పిల్లలకు, ఐదు నుంచి పన్నెండేళ్ళ వాళ్ళకు. సాయంత్రం పెద్దవాళ్ళకు. దేశంలో ఎమర్జెన్సీ పెట్టి అప్పటికి నలభై రోజులు కూడా కాలేదు. నోరెత్తితే జైలు అన్న రోజుల్లో పల్లెలకు మాట్లాడే పెట్టె పంపించడం, అది వేరే వ్యాసం.

ఆ ప్రయోగం మొదలైన రెండు నెలలకు, అక్టోబర్ 2న, ఇదే ప్రభుత్వం 33 బ్లాకుల్లో ఐసీడీఎస్ మొదలుపెట్టింది. మనం అంగన్‌వాడీ అంటున్నది అదే. ఆరేళ్ళలోపు పిల్లలకు ఒక గది, తిండి, ఆట, పాట, అదే ఊళ్ళో ఉండే ఒక మనిషి. ఒక ఆలోచన ముప్పై ఆరు వేల కిలోమీటర్ల ఎత్తుకు పోయింది, ఇంకొకటి చాప పరిచి నేల మీద కూర్చుంది. పిల్లల టీవీ ఐదేళ్ళ దగ్గర మొదలైంది, అంగన్‌వాడీ ఆరేళ్ళ దగ్గర ఆగింది. ఆ రెండింటినీ కలిపితే ఏమయ్యేదో అని నేను చాలాసార్లు అనుకుంటాను. యాభై ఏళ్ళు దాటాయి, ఇప్పటికీ ఆ తలుపు సరిగ్గా తెరుచుకోలేదు.

తెరుచుకోలేదని ఎందుకంటున్నానంటే 2020 గుర్తుంది కాబట్టి. కరోనాకు మార్చిలో బడులు మూశారు. సెప్టెంబర్ 1 నుంచి తెలంగాణ ప్రభుత్వం దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలుపెట్టింది. మూడో తరగతి నుంచి పదో తరగతి దాకా, ఆపై ఇంటర్ వాళ్ళకు. ఒకటీ రెండు తరగతులు లేవు. అంగన్‌వాడీ పిల్లల ఊసే లేదు. చిన్నపిల్లలు టీవీ ముందు కూర్చుని నేర్చుకోలేరన్న జాలితో వదిలేశారనుకుందాం. మరి వాళ్ళ దగ్గరికి మనిషిని పంపారా? పప్పు, గుడ్లు, బాలామృతం ఇంటికి అందితే అదే గొప్పయింది. కేంద్రం తెచ్చిన పీఎం ఈ-విద్యలోనూ ఒక తరగతికి ఒక ఛానెల్ చొప్పున పన్నెండు అన్నారు, 2022 బడ్జెట్‌లో వాటిని 200 చేస్తామన్నారు. ఆ లెక్క కూడా ఒకటో తరగతి నుంచే. పోటీ పరీక్షల వాళ్ళకు టీ-శాట్‌లో నిపుణ అని విడిగా ఒక ఛానెలే ఉంది. నాలుగేళ్ళ పిల్ల ఓటరూ కాదు, నిరుద్యోగీ కాదు.

తెలంగాణలో చిన్న తరగతుల బడులు మళ్ళీ తెరిచింది 2021 సెప్టెంబర్‌లో. దాదాపు ఏడాదిన్నర. 2022లో అసర్ వాళ్ళు పల్లెల్లో తిరిగి చూసినప్పుడు, మూడో తరగతిలో ఉండి రెండో తరగతి పుస్తకం చదవగలిగిన పిల్లలు మన రాష్ట్రంలో వందకు ఐదుగురి దగ్గర తేలారు. నాలుగేళ్ళ కింద 2018లో వందకు పద్దెనిమిది మంది దగ్గర ఉన్నది, అది కూడా గొప్పేమీ కాదు. ఈ మూడో తరగతి వాళ్ళు ఎవరో వేళ్ళ మీద లెక్కపెట్టండి. 2020లో ఒకటో తరగతిలో ఉండాల్సిన పిల్లలు. మనిషీ దొరకనివాళ్ళు, టీవీ కూడా దొరకనివాళ్ళు. టీవీ ఉంటే నేర్చేసుకునేవాళ్ళని నేననను. వాళ్ళ వయసుకు తగ్గదేమిటని ఎవరూ కూర్చుని ఆలోచించలేదని మాత్రం అంటాను.

ఇక భాష. గేదె దగ్గర నవ్వుకున్నాం, కానీ అది నవ్వులాట కాదు. పిల్లల కార్యక్రమాల్లో ఉల్లిపాయ, బంగాళాదుంప, వేరుశనగ అంటారు. నల్లగొండ, పాలమూరు ఇళ్ళల్లో ఉల్లిగడ్డ, ఆలుగడ్డ, పల్లికాయ. కుందేలును మా దిక్కు చెవులపిల్లి అంటారు. దాహమైతే దూపైతుంది అంటారు. పెద్దవాళ్ళం అటూ ఇటూ మార్చుకోగలం. నాలుగేళ్ళ పిల్లకు మాట ద్వారా వస్తువు తెలియాలి, వస్తువు ద్వారా అక్షరం తెలియాలి. అక్కడ మొదటి మెట్టే విరిగిపోతోంది. పక్కనున్న నాయనమ్మకు కూడా ఆ మాట కొత్తదైతే ఆవిడ నోరు మూసుకుంటుంది. "నాకేం తెల్వదు బిడ్డా, చదువుకున్నోళ్ళ మాటలు" అంటుంది. అంటే ఆ కార్యక్రమం పిల్లకు నేర్పకపోవడం అటుంచి, ఇంట్లో ఉన్న ఒక్క టీచరమ్మను కూడా గది బయటికి పంపించేసింది.

దేవరకొండ, అచ్చంపేట దిక్కున్న తండాల పిల్లల సంగతి ఇంకా కష్టం. అక్కడ తల్లిని యాడీ అని పిలుస్తారు. అ అంటే అమ్మ అని తెర మీద చూపిస్తే మొదటి అక్షరం దగ్గరే లంబాడా పిల్ల పరాయిదైపోతుంది. గోర్ బోలీలో చిన్నపిల్లల కోసం రోజూ వచ్చే పది నిమిషాల కార్యక్రమం ఒకటుండాలని అడిగితే, లిపి లేదు కదా అంటారు. టీవీకి లిపి ఎందుకు?

ఇది కుదరని పనని ఎవరైనా అంటే గుజరాత్ ఖేడా జిల్లా చూపిస్తాను. సైట్ రోజుల్లోనే, 1975లో, పిజ్ అనే ఊరి నుంచి చిన్న ట్రాన్స్‌మిటర్‌తో ఆ జిల్లా పల్లెలకు కార్యక్రమాలు మొదలుపెట్టారు. అక్కడివాళ్ళ యాసలో, అక్కడి రైతులను, కూలీలను తెర మీద కూర్చోబెట్టి, వాళ్ళ గొడవలనే నాటకాలు కట్టి చూపించారు. 1984లో దానికి యునెస్కో బహుమతి కూడా వచ్చింది. అప్పట్లో ఉన్న కెమెరాలతో అది చేయగలిగారు. ఇప్పుడు మా ఊళ్ళో పెళ్ళి వీడియో తీసే పిల్లగాడి దగ్గర అంతకంటే మంచి కెమెరా ఉంది, డ్రోను కూడా ఉంది.

మనం తెలంగాణ భాష గురించి ఎన్ని వ్యాసాలు రాశాం! సినిమాల్లో విలన్లకు, జోకర్లకు మన యాస పెడుతున్నారని ఎంత కొట్లాడాం! కొట్లాడాల్సిందే. రాష్ట్రం వచ్చింది, సినిమా హీరో కూడా మన యాసలో మాట్లాడుతున్నాడు, కవితా సంకలనాలు వస్తున్నాయి, వాటి మీద సమీక్షలు మనమే రాస్తున్నాం. పిల్ల చూసే తెర మీద మాత్రం బర్రె ఇంకా గేదెగానే నడుస్తోంది. మనలో ఎవరికీ అది సాహిత్య సమస్య అనిపించలేదు. పిల్లల మాట అనగానే మనకు ఒక కథల పోటీ, ఒక బాలల దినోత్సవ ప్రత్యేక సంచిక గుర్తుకొస్తాయి. అవి అచ్చవుతాయి, చదివేది మళ్ళీ మనమే.

ఫోను సంగతి చెప్పకుండా టీవీ గురించి మాట్లాడడం ఇప్పుడు కుదరదు. నాకు టీవీ మీద కొంచెం ప్రేమ మిగిలింది కూడా ఫోను వల్లనే. ఫోను పిల్ల అరచేతిలో ఉంటుంది, మూలకు తీసుకుపోతుంది, ఏం చూస్తోందో మా అమ్మ కళ్ళకు ఆనదు. వేలు కదిపితే ఇంకోటి, ఇంకోటి. టీవీ ఇంటి నడుమ ఉంటుంది. ఇష్టమున్నా లేకున్నా అందరికీ కనబడుతుంది, అందరికీ వినబడుతుంది. బర్రె సంగతి ఫోనులో వచ్చి ఉంటే మా అమ్మ తలెత్తినా ఏమీ కనబడేది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రెండేళ్ళు నిండని పిల్లలకు తెర వద్దంది, రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకు రోజుకు గంట దాటొద్దంది, తక్కువైతే ఇంకా మంచిదంది. ఆ మాటకు నాకు అభ్యంతరం లేదు. మా ఇంట్లో గంట దాటుతోంది, అదీ ఒప్పుకుంటాను. ఆ గంటలో ఏముండాలన్నదే నా గొడవ.

వామపక్ష మిత్రుడొకరికి ఈ వ్యాసం ముసాయిదా చూపిస్తే, "నువ్వు సర్కారుకు మంచి సాకు అందిస్తున్నావు, టీచర్లను నియమించకుండా టీవీ పెట్టి చేతులు దులుపుకుంటారు" అన్నాడు. ఆ భయం నిజమే, కొట్టిపారేయలేను. అందుకే చెప్తున్నాను, టీవీని టీచరుకు బదులుగా అడిగేవాళ్ళలో నేను లేను. అంగన్‌వాడీ టీచరు జీతం పెంచమని అడిగే నోటితోనే, ఆవిడ పొద్దున పాడించిన పాట సాయంత్రం టీవీలో రావాలని అడుగుతున్నాను. అప్పుడు పిల్ల ఇంట్లో అందరికంటే ముందు అందుకుంటుంది, నాయనమ్మకు తనే నేర్పిస్తుంది.

ఎట్లా ఉండాలంటే, పది నిమిషాలు చాలు. సీరియళ్ళు మొదలుకాకముందు, కూలికి పోయిన తల్లి వచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చునే వేళకు రావాలి. వారమంతా ఒకటే రావాలి. పెద్దవాళ్ళకు విసుగు, పిల్లలకు అదే ఇష్టం. 1996లో మొదలైన బ్లూస్ క్లూస్ అనే అమెరికా కార్యక్రమంలో ఒకే భాగాన్ని ఐదు రోజులు వరసగా వేసేవాళ్ళు. అందులో మనిషి ఒక ప్రశ్న అడిగి, పిల్లలు జవాబు చెప్పేదాకా తెర మీద ఊరికే చూస్తూ నిలబడేవాడు. టీవీ ఊఁ కోసం ఆగడానికి చేసిన ప్రయత్నం అది. మన దగ్గర ఇంకొంచెం ముందుకు పోవచ్చు. ప్రశ్న పిల్లను కాకుండా పక్కనున్న వాళ్ళను అడగొచ్చు. "నాయనమ్మా, మీ ఊళ్ళో దీన్నేమంటరు?" అని తెర మీది మనిషి అడిగి ఆగాలి. చదువురాని ఆవిడను టీవీ ఒక మాట అడగడం, ఆవిడకు జవాబు తెలిసి ఉండడం ఎట్లా ఉంటుందో ఊహించండి. నాకు తెలిసినంతలో మా అమ్మను ఇంతవరకు ఏ టీవీ ఏమీ అడగలేదు. కొనమని చెప్పింది, ఏడవమని చెప్పింది, ఓటేయమని చెప్పింది.

అక్షరాల తొందర కూడా వద్దు. ఏ ఫర్ ఆపిల్ మొదలుకుని పద్యాల దాకా నాలుగేళ్ళ పిల్లతో అప్పజెప్పించి చుట్టాల ముందు నిలబెట్టే పిచ్చి మన ఊళ్ళకూ పాకింది. ఇంగ్లీషు రైమ్సు పిల్ల నోట వింటే మా వదిన కళ్ళల్లో వచ్చే వెలుగు చూసి నేను ఏమీ అనలేను. ఆవిడ రోజంతా వంగి పత్తి ఏరి వచ్చింది, తన బిడ్డ వంగకూడదని ఆశ. ఆ ఆశను వెటకారం చేసే హక్కు ఇంగ్లీషు మీడియం ఉద్యోగం చేసుకుంటున్న నాకు లేదు. కాకపోతే రైమ్సు వచ్చిన పిల్లకు "నీకు కడుపు నొస్తుందా, ఎక్కడ నొస్తుంది, ఎప్పటినుంచి" అంటే సరిగ్గా చెప్పడం రాకపోతే ఎట్లా? చూసింది చెప్పడం, ఎందుకని అడగడం, తర్వాత ఏమవుతుందో ఊహించడం, ఇవి ఇంట్లో మాటలతోనే వస్తాయి. ఇంటి మాటతోనే వస్తాయి.

ఇదంతా ఎవరో చేయాలని రాస్తే మళ్ళీ అదే సభ, అదే చాయ్ అవుతుందని నేనే ఒక స్క్రిప్టు రాసి చూశాను. పది నిమిషాలది. ఎండాకాలం, ఒక చెవులపిల్లికి దూపైతుంది, నీళ్ళు వెతుక్కుంటూ ఊళ్ళోకి వస్తుంది. బాగా వచ్చిందనే అనుకున్నాను. మొన్న ఆదివారం ఫోను చేసి చిన్నదానికి చదివి వినిపించాను. చెవులపిల్లి బావి దగ్గరికి పోయి నీళ్ళు తోడుకుని తాగింది అన్నాను.

"అత్తా, చెవులపిల్లి బొక్కెన ఎట్ల లాగుతది? దానికి చేతులు లేవు గదా" అంది.

నా దగ్గర జవాబు లేదు. తడుముకుంటుంటే పక్కనుంచి మా అమ్మ గొంతు వినబడింది. "నీకు శాత్రం చెప్పుడు రాదు బిడ్డా, ఆగు" అని ఫోను పక్కకు పెట్టినట్టుంది. పెట్టేయలేదు, పక్కకు పెట్టింది. దూరంగా ఆవిడ మొదటినుంచి మొదలుపెట్టింది. చెవులపిల్లి పేరు మారింది, ఊరు మారింది, ఎండ మాత్రం అట్లాగే ఉంది. మధ్యమధ్య సన్నగా ఊఁ, ఊఁ అని వినబడుతోంది. బావి దగ్గరికి పోకుండా చెవులపిల్లి మా ఇంటి ముందర కుడితి తొట్టి కాడికి పోయింది. అక్కడ బర్రె ఉంది.